ఇంటి గోడలు – నిస్తంత్రి తరంగములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రామములందు నేడు ప్రతిదినము కనబడు దృశ్యము ఒకటి కలదు. నట్టింటిలో సెల్ ఫోను మ్రోగును. ఇంటి యజమాని దానిని చెవికి చేర్చుకొని "హలో, హలో" అనుచు వసారాలోనికి వచ్చును. అచటనుండి వీధి అరుగు మీదికి దిగును. అప్పటికిని మాట తెగుచున్నచో మేడమెట్లు ఎక్కును. ఆ సంభాషణ పెండ్లి పిలుపు గురించియో, పంట ధర గురించియో అయినచో పెద్ద నష్టము లేదు. కాని అర్ధరాత్రివేళ లోపలి గదిలో ముసలివారికి ఆయాసము వచ్చినదనుకొనుడు. 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆ సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. అట్టి సేవను పిలుచుటకు రోగిని ఒంటరిగా విడిచి మేడమీదికి పరుగెత్తవలసివచ్చుట చిన్న విషయము కాదు. 2020లో బడులు మూతబడి పాఠములు ఫోనులలోనికి వచ్చినపుడు ఎందరో పిల్లలు ఇంటిలో చోటుండియు మేడలమీదను, చెట్లక్రిందను కూర్చుండి చదువుకొనిరి. చౌకధరల దుకాణమున వ్రేలిముద్రల యంత్రము లోపల పలుకక, వీధిలోనికి తెచ్చినపుడు పలుకుట కార్డుదారులు ఎరిగినదే.

ఇట్టి సమయములందు జనులు మొదట కంపెనీని తిట్టుదురు. పిదప టవరును తిట్టుదురు. ఆ తిట్లలో కొంత న్యాయము ఉండవచ్చును. కాని అందులకు ముందు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. అదే ఫోను అరుగుమీద చక్కగా పలికి, పది అడుగులు లోనికి పోగానే మూగపోయినచో, టవరు చేయవలసిన పని చేయుచున్నదనియే అర్థము. తరంగము మైళ్ళు దాటి వచ్చి గడప యొద్ద ఆగినది. దానిని ఆపినది గోడ. ఆ గోడ దేనితో కట్టబడినదో, దాని కడుపులో ఏమున్నదో తెలిసికొనుటయే నేటి ప్రసంగ విషయము.

ఈ సంగతి క్రొత్తది కాదు. నిస్తంత్రి తరంగము మనుష్యుని చేతికి చిక్కిన తొలినాళ్ళలోనే గోడ సంగతియు బయటపడినది. జర్మనీ దేశమున కార్ల్స్‌రూహె పట్టణమందు హైన్రిక్ హెర్ట్జ్ అను ఆచార్యుడు 1888లో జింకు రేకులను దొప్పలవలె వంచి నిలిపి, ఒకదాని యెదుట విద్యుత్ స్ఫులింగమును పుట్టించి, దూరముననున్న రెండవ దాని యెదుట సన్నని నిప్పురవ్వ మెరయుట చూచెను. నడుమ తీగ లేదు. అంతటితో ఆగక ఆయన ఆ త్రోవకు ఒక్కొక్క వస్తువును అడ్డుపెట్టి చూచెను. కొయ్య తలుపు అడ్డుపెట్టినను రవ్వ ఆరలేదు. తలుపులు మూసిన గదిలో రవ్వ పుట్టుట తనకే ఆశ్చర్యము కలిగించినట్లు ఆయన వ్రాసికొనెను. పలుచని తగరపు రేకును, బంగారు పూత కాగితమును అడ్డుపెట్టగనే రవ్వ ఆరిపోయెను. సహాయకుడొకడు ఆ త్రోవకు అడ్డముగా నడచినపుడు రవ్వ మాయమై, అతడు తొలగగనే మరల వెలిగెను. కొయ్య, లోహము, మనుష్య దేహము—ఈ మూడు సాక్ష్యములలోనే నేటి వైఫై కష్టసుఖములు చాలవరకు ఇమిడియున్నవి. హెర్ట్జ్ 36 ఏండ్లకే 1894లో మరణించుటచే తన తరంగములు లోకమునకు ఎట్లు ఉపయోగపడినవో చూడలేకపోయెను. ఆ మరుసటి యేట కలకత్తా టౌన్ హాలున ఆచార్య జగదీశ చంద్ర బోసు బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు ఎదుట తరంగమును గోడలు దాటించి ఆవల గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపెను. గోడను దాటగల చూపు ఒకటి కలదని భారతీయులు కన్నులార చూచిన సభ అది.

కొయ్య ఏల దారి ఇచ్చును? లోహము ఏల ఇయ్యదు? లోహమునందు ఎలక్ట్రానులు సంకెలలు లేక తిరుగును. తరంగము తాకిన వెంటనే అవి దానితోకూడ ఊగి, ఆ ఊపుచేత తరంగమును వచ్చిన వైపునకే త్రిప్పి పంపును. అద్దము వెలుతురును త్రిప్పి కొట్టుట ఇట్టిదే. ఇందులకు మందమైన ఇనుము అక్కరలేదు. రొట్టెలు చుట్టు అల్యూమినియం కాగితపు మందము మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే. వైఫై తరంగము అల్యూమినియంలో మిల్లీమీటరున వేయింటిలో రెండు వంతులు దిగునప్పటికే బలము చాలవరకు కోల్పోవును. కనుక ఆ కాగితము దానికి కోటగోడ. సెల్ ఫోనును ఆ కాగితముతో సందు లేకుండ నాలుగైదు పొరలుగా చుట్టి, వేరొక ఫోనునుండి పిలిచి చూచినచో సామాన్యముగా గంట మ్రోగదు. అడుగు మందముగల ఎండు ఇటుక గోడ చేయలేని పని ఆ కాగితము చేయును. ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1836లోనే లోహపు రేకు అంటించిన 12 అడుగుల పెట్టెలో తాను కూర్చుండి, వెలుపలి విద్యుత్తు లోనికి రాకుండుట కనుగొనెను. నేటికిని అట్టి కట్టడమును ఫారడే పంజరమని పిలుతురు. ఇనుప రేకుతో కప్పును, గోడలును కట్టి, ఇనుప షట్టరు దించిన దుకాణపు గది అట్టి పంజరమునకు దగ్గరి చుట్టము. అందులో యంత్రము పలుకకపోవుటలో వింత ఏమియు లేదు.

నీటి సంగతి వేరు. నీటి యణువునకు ఒక కొస ధనము, రెండవ కొస ఋణము. తరంగము పోవునపుడు ఆ యణువు దానికి అనుగుణముగా అటునిటు తిరుగ ప్రయత్నించి, పొరుగు అణువులతో ఒరసికొనును. తరంగ బలము ఆ ఒరపిడిలో వేడిగా కరగిపోవును. పట్టణములందలి మైక్రోవేవ్ పొయ్యి అన్నమును వేడిచేయుట ఈ సూత్రముచేతనే. ఆ పొయ్యి తరంగము 2.45 గిగాహెర్ట్జులది, వైఫైయును ఆ దాపుననే ఉన్నది. ఆ సంఖ్య నీటి యణువునకు కొలత పెట్టినట్లు సరిపోవునని పలువురు చెప్పుదురు గాని అది సరికాదు. నీరు 20 గిగాహెర్ట్జుల దాపున ఇంకను ఎక్కువగా మ్రింగును. పొయ్యి తలుపునకు చిల్లుల లోహపు రేకు ఉండును. ఆ చిల్లులగుండ లోపలి వెలుతురు కనబడును గాని, 12 సెంటీమీటర్ల పొడవుగల అల వెలుపలికి రాలేదు. ఈ చిల్లుల సంగతి గుర్తుంచుకొనదగినది. ఇనుప చువ్వల సంగతి చెప్పునపుడు మరల కావలసివచ్చును.

తరంగములన్నియు ఒక్క పొడవువి కావు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలై, మధ్య తరంగములపై 837 కిలోహెర్ట్జుల మీద తెలుగునాట ఇంటింట వినిపించినది. ఆ అల పొడవు సుమారు 358 మీటర్లు. అంతటి అలకు పల్లెలోని పెంకుటిండ్లు ఏటి ప్రవాహమునకు గులకరాళ్ళవంటివి. అందుచేతనే రేడియోను పెంకుటింట ఏ మూల పెట్టినను పొలము కబుర్లు వినబడెడివి. సెల్ ఫోనునకు వాడు 900 మెగాహెర్ట్జుల అల పొడవు 33 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర. వైఫైలో 2.4 గిగాహెర్ట్జుల అల 12½ సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జుల పైనుండునది 6 సెంటీమీటర్లకు లోపు. అల పొట్టియగుకొలది ఎక్కువ వార్తను మోయగలదు. ఎక్కువ వస్తువులు దానికి అడ్డమగును.

ఇక తెలుగువారి ఇండ్లను చూడవలెను. తాటాకు పాకకును, ఎండిన కొయ్య తడికెకును తరంగము లెక్కపెట్టక పోవును. పెంకుటింటి పైకప్పు కాల్చిన మట్టి, కొయ్య వాసములు. దానిగుండ తరంగము సుఖముగా దిగును. ఇటుక గోడ తొమ్మిదంగుళములది పొడిగా ఉన్నచో 2.4 గిగాహెర్ట్జుల బలమున సుమారు నాలుగవ వంతును ఆవలికి పోనిచ్చును. మట్టిగోడ ఎండకాలమున మిత్రుడు; శ్రావణమున పునాదినుండి చెమ్మ ఎక్కినపుడు అదే గోడ పరాయిది. సిమెంటు రేకు తరంగమునకు అడ్డుకాదు. అందులోని ఆస్బెస్టాసు ఊపిరితిత్తులకు హాని చేయునన్నది వేరు సంగతి. ఇనుప రేకు మాత్రము మిద్దె ఎంత చిన్నదైనను పైనుండి వచ్చు దారిని పూర్తిగా మూసివేయును. ఇక ప్రక్కలనుండి వచ్చునదే గతి.

డాబా కట్టుబడి వీనియన్నిటికంటె చిక్కుతో కూడినది. స్లాబులో ఇనుప చువ్వలను నిలువునను అడ్డమునను సుమారు ఆరంగుళముల ఎడముతో వలవలె కట్టి, పైన కాంక్రీటు పోయుదురు. ఇనుప వలలో గడి వెడల్పు అల పొడవులో సగముకంటె చిన్నదైనచో అల దాటుట కష్టము. ఆరంగుళములనగా 15 సెంటీమీటర్లు. 33 సెంటీమీటర్ల సెల్ ఫోను అలలో సగము 16½. కనుక ఆ అల గడిలో ఇరుకున పడును. 12½ సెంటీమీటర్ల వైఫై అలకు ఆ గడి వాకిలివలె తెరచియున్నది. అంతమాత్రమున వైఫైకి మేలు జరిగినదనుకొనరాదు. చువ్వలు విడిచిన దానిని కాంక్రీటు పట్టుకొనును. చువ్వల వల పొడుగు అలలను హెచ్చుగా ఆపును. కాంక్రీటు ముద్ద పొట్టి అలలను హెచ్చుగా మ్రింగును. ఇద్దరు కావలివారు వంతులు పంచుకొన్నట్లే ఉండును. క్రొత్తగా పోసిన కాంక్రీటులో నీరు ఇంకను మిగిలియుండుటచే అది పాతదానికంటె ఎక్కువ ఆపును. గృహప్రవేశము నాటి సిగ్నలును చూచి ఇల్లంతయు చెడినదని దిగులుపడనక్కరలేదు. గోడ ఆరినకొలది కొంత నయమగును.

ఈ విషయములు ఊహలు కావు, కొలతలు. అమెరికా ప్రభుత్వ ప్రమాణ సంస్థ ఇటుక, కాంక్రీటు, కొయ్య, గాజు, ఇనుప చువ్వల వల మున్నగువానిని నిలిపి, వానిగుండ తరంగము ఎంత దాటునో కొలిచి 1997లో నివేదిక ప్రకటించినది. తరువాత సెల్ ఫోను సాంకేతిక ప్రమాణములను కూర్చు 3జీపీపీ అను అంతర్జాతీయ సమాఖ్య, ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క సూత్రమును వ్రాసికొన్నది. ఆ సూత్రములలో నష్టమును డెసిబెల్ అను కొలతతో చెప్పుదురు. పదవ తరగతి విద్యార్థికి ఇది రెండు నిముషముల పని: 3 డెసిబెల్‌లు పోయినచో బలము సగమగును, 10 పోయినచో పదవ వంతు, 20 పోయినచో నూరవ వంతు. కాంక్రీటు గోడకు ఆ సూత్రము ఇట్లున్నది: గిగాహెర్ట్జులను నాలుగుచే గుణించి అయిదు కూడవలెను. దాని ప్రకారము 900 మెగాహెర్ట్జుల తరంగమునకు నష్టము 8.6 డెసిబెల్‌లు, అనగా ఏడవ వంతు మిగులును. 2.4 గిగాహెర్ట్జులకు 14.6, ఇరువదితొమ్మిదింట ఒక వంతు మిగులును. 5.5 గిగాహెర్ట్జులకు 27. ఐదు వందలలో ఒక వంతు మిగులును! గోడ ఒక్కటే, ఇల్లు ఒక్కటే. అల పొట్టియైనంత మాత్రమున ఇంత భేదము. కొయ్యకు అదే సమాఖ్య ఇచ్చిన లెక్క రెండింటికిని 5 డెసిబెల్‌ల దాపుననే ఉన్నది.

ఈ అంకెలను ఇంటి జమాఖర్చువలె వ్రాసికొన్నచో తేటపడును. సామాన్యమైన వైఫై రూటరు పదింట ఒక వాటు బలముతో పలుకును. జీరో వాటు బల్బు కూడ దానికంటె అనేక రెట్లు పెద్దది. ఆ బలము మొదలుకొని, ఫోను చలనచిత్రమును ఆగకుండ చూపుటకు చాలిన కనీస బలము వరకు సుమారు 90 డెసిబెల్‌లు. ఇది జమ. ఇక ఖర్చులు. బయలుప్రదేశమున పది మీటర్ల దూరమునకు 2.4 గిగాహెర్ట్జుల తరంగము 60 ఖర్చు పెట్టును. మిగిలినది 30. ఆరేసి చొప్పున ఇటుక గోడలు అయిదింటిని దాటినను ఋణము పడదు. కాంక్రీటు గోడలైనచో రెండింటికే 29 పోయి చేయి ఖాళీ. 5.5 గిగాహెర్ట్జులకు అదే దూరమునకు 67 ఖర్చు, మిగులు 23. ఒక్క కాంక్రీటు గోడకు 27 కావలెను. అప్పు! క్రొత్త రూటరు కొని, దానిలో వేగముగల 5 గిగాహెర్ట్జుల పేరు ఎంచుకొని, ప్రక్కగదిలో అది చతికిలబడినదని దుకాణదారునితో కలహించువారు ఈ లెక్క ఒక్కసారి వేసి చూచుకొనవలెను. నిజమైన ఇంటిలో తరంగము తలుపు సందులనుండియు, కిటికీలనుండియు, గోడలపై తగిలి తిరిగియు వచ్చుటచే ఈ లెక్క కొంత అటునిటు అగును. కాని దోవ చూపుటకు ఇది చాలును.

బలమును పెంచినచో గోడ దాటదా అని ఎవరైనను అడుగుదురు. రూటరు బలమును రెట్టింపు చేసినచో జమ పెరుగునది 3 డెసిబెల్‌లే. అది ఇటుక గోడలో సగము. పైగా వైఫై ఉపన్యాసము కాదు, సంభాషణ. రూటరు కేకవేసినను, ఫోను తన చిన్న గొంతుతో బదులు చెప్పవలెను గదా. ఆ బదులు గోడ దాటి రానిచో కేక వృథా. భారతదేశమున 2.4 గిగాహెర్ట్జుల వైఫైకి 2005లోను, 5 గిగాహెర్ట్జుల పట్టీకి 2018లోను లైసెన్సు అక్కర లేకుండ చేసిరి. బలమునకు మాత్రము మితి పెట్టిరి. ఇరుగుపొరుగుల రూటర్లు ఒకదాని మాట నొకటి మ్రింగకుండుటకు అది అవసరము. సెల్ ఫోను సిగ్నలును పెంచునని చెప్పి పట్టణములలో అమ్ము బూస్టరు పెట్టెల సంగతి ఇంకను ముఖ్యము. అనుమతి లేకుండ అట్టి యంత్రమును పెట్టుకొనుట చట్టవిరుద్ధము. ఒక యింటి బూస్టరు టవరు చెవిలో రొద పెట్టినచో ఊరందరి ఫోనులు చెడును. ఫోను వెనుక అంటించుకొను బంగారు రంగు చీటీల గురించి చెప్పుట కాలహరణము.

గాజు సంగతి వేరుగా చెప్పదగినది. మామూలు కిటికీ అద్దము తరంగములో సగముకంటె ఎక్కువ పోనిచ్చును. కాని ఎండ వేడిమిని ఆపుటకై నేడు పెద్ద భవనములకు బిగించు అద్దములపై కంటికి కనబడని లోహపు పూత ఉండును. వేడి కిరణమును త్రిప్పికొట్టు ఆ పూత నిస్తంత్రి తరంగమునుకూడ త్రిప్పికొట్టును. 3జీపీపీ లెక్క ప్రకారము దాని నష్టము 24 డెసిబెల్‌ల దాపున ఉన్నది. నాలుగు ఇటుక గోడలతో సమానము! నలువైపుల నిలువుటద్దములు మెరయు భవనములో నిలుచుండి, ఇంత వెలుతురు వచ్చు చోటికి సిగ్నలు రాకుండునా అని ఆశ్చర్యపడువారి ప్రశ్నకు సమాధానము ఇదియే. స్విట్జర్లాండులో రైలు పెట్టెలకు ఇట్టి అద్దములు పెట్టినపుడు ప్రయాణికుల ఫోనులు మూగపోయినవి. అక్కడి లొజాన్ నగర సాంకేతిక విద్యాలయ పరిశోధకులు ఆ పూతలో లేజరుతో సన్నని గీతలు గీచి, వేడిమి లోనికి రాకుండ, తరంగము మాత్రము వచ్చునట్లు చేసి 2016లో ప్రకటించిరి. పంజరమునకు కొలిచి చిల్లులు పెట్టుట అది.

గోడలోనే కాదు, గోడ చెంతను కూడ లోహము దాగియుండును. ఇండ్లలో రూటరును ఎచట పెట్టుదురో చూడుడు. ఇనుప బీరువా మీద, లేదా బీరువా వెనుక, లేదా టీవీకి చాటుగా. చూపునకు అసహ్యముగా ఉండునని దాచుదురు. బీరువా తలుపునకు అద్దము కూడ ఉన్నచో దాని వెనుకనున్న పూతయు లోహమే. దోమలకై కిటికీలకు బిగించు తెర నైలానుదైనచో బాధలేదు. సన్నని ఉక్కు తీగలతోనో అల్యూమినియం తీగలతోనో అల్లినదైనచో, మైక్రోవేవ్ పొయ్యి తలుపు ఎట్టిదో ఆ కిటికీ అట్టిది. గాలి వచ్చును, వెలుతురు వచ్చును, మాట రాదు. స్తంభమునకు ఇటుక గోడకు నడుమ పగుళ్ళు రాకుండ పూత క్రింద వేయు కోడిజాలియు కొంత అడ్డమే. అమెరికాలో కాలిఫోర్నియా ప్రాంతమున పాత ఇండ్ల గోడలకు ఇట్టి తీగజాలిని పూతక్రింద అంతటను పరచుట వాడుక. ఆ ఇండ్లలోనికి చేరిన తెలుగువారు గది గదికి వైఫై పోదని మొత్తుకొనుటకు కారణము ఆ జాలియే.

గ్రంథాలయములందు ఇనుప బీరువాలను గోడ పొడవున వరుసగా నిలుపుట ఆచారము. రూటరు ఆ వరుసకు ఆవల ఉన్నచో చదువరుల బల్లయొద్ద దాని నీడ పడును. బీరువాలకంటె ఎత్తున, గది నడుమకు దగ్గరగా పెట్టినచో ఖర్చు లేకుండ పని జరుగును. ఎత్తు అనుటకు ఇంకొక కారణము కలదు. హెర్ట్జ్ సహాయకుడు నడచినపుడు రవ్వ ఆరిన సంగతి జ్ఞాపకము ఉండియే ఉండును. మనుష్య దేహములో సగముపైన నీరే. సభ నిండిన హాలులో నడుము ఎత్తున పెట్టిన రూటరు ఎదుట ఒక నీటి గోడ కూర్చున్నట్లే. ఖాళీ హాలులో పరీక్షించి బాగున్నదనిన యంత్రము సభనాడు మొండికెత్తుట ఇందుచేతనే. విమానములలో ఇదే చిక్కు వచ్చినది. బోయింగ్ సంస్థవారు విమానము నిండ జనమును దినముల తరబడి కూర్చుండబెట్టి పరీక్షింపలేక, సుమారు తొమ్మిది వేల కిలోల బంగాళాదుంపలను గోతములలో నింపి పాత విమానపు ఆసనములపై కూర్చుండబెట్టి వైఫైని కొలిచిరట! ఈ సంగతిని 2012 డిసెంబరులో వారే వెల్లడించిరి. తరంగము దృష్టిలో గోతము దుంపలకును, ప్రయాణికునకును పెద్ద భేదము లేదు. దుంపలు ఆకలియని అడుగవు, లేచి తిరుగవు. అంతకంటె ఓర్పుగల ప్రయాణికుడు దొరకడు.

ఇక చేయదగినది ఏమి? ఉన్న ఇంటిలో మొదట ఇంటిని కొలుచుకొనవలెను. చాల ఫోనులలో సిగ్నలు బలమును అంకెతో చూపు ఏర్పాటు కలదు. అది ఋణ సంఖ్య. 70 అనునది మేలు, 110 అనునది కీడు. ఫోనుపై కనబడు గీతలను నమ్మరాదు. ఒక ఫోనులో మూడు గీతలు మరియొక ఫోనులో రెండు. అంకెను గది గదికి వ్రాసికొన్నచో ఏ గోడ దొంగయో తెలియును. రోగి పండుకొను గదిలో ఏ కిటికీయొద్ద, ఏ ఎత్తున ఫోను పలుకునో ఇంటిలో పిల్లలతో సహ అందరికిని ముందే తెలిసియుండవలెను. అర్ధరాత్రి వెదకుకొనరాదు. ఇంటికి తీగద్వారా ఇంటర్నెట్ ఉండి, వెలుపలి సెల్ సిగ్నలు లోపలికి రానిచో, వైఫై మీదుగానే మాటాడు ఏర్పాటు 2019 డిసెంబరు నుండి భారతదేశమున వాడుకలోనికి వచ్చినది. ఫోనులో ఒక మీట నొక్కినచాలును. దీనిని ఎరుగని ఇండ్లు ఇంకను ఉన్నవి. అయితే ఇంటికి కరెంటు పోయినచో రూటరు ఆగిపోవునని మరువరాదు. దానికి చిన్న బ్యాటరీ ఉన్నచో మంచిది.

రెండంతస్తుల ఇంటిలో పైగదికి తరంగమును స్లాబుగుండ దూర్చుటకు తంటాలు పడుటకంటె, చిటికెన వ్రేలంత తీగను పైకి తీసికొనిపోయి, పైన రెండవ చిన్న పెట్టెను పెట్టుట ఉత్తమము. కాంక్రీటు పదునాలుగు డెసిబెల్‌లు తినునచోట తీగ తినునది లెక్కకు రాదు. మెట్ల తావున తలుపు లేనిచో అచటనుండియు కొంత తరంగము ఎక్కును. రూటరును మెట్ల మొదట పెట్టి చూచుట తేలిక ఉపాయము.

క్రొత్త ఇల్లు కట్టువారికి మాత్రము ఇంతకంటె సులువైన దారి కలదు. విద్యుత్ తీగలకై గొట్టములను స్లాబులోను, గోడలలోను వేయుట ప్రతి మేస్త్రీ ఎరుగును. ఆ వేళనే ఇంటి నడుమనుండి ప్రతి అంతస్తునకు, పెద్ద గదులకు, ముఖ్యముగా ముసలివారు ఉండు గదికి, ఒక ఖాళీ ప్లాస్టిక్ గొట్టమును వేరుగా వేయించవలెను. ఆనాడు దానిలో ఏమియు దూర్చనక్కరలేదు. విద్యుత్ తీగలు పోవు గొట్టములోనే దీనిని ఇరికించరాదు. నడి హాలులో, తల ఎత్తునకు పైన, రూటరునకు ఒక గూడును, దాని ప్రక్కన ఒక ప్లగ్గును పెట్టించవలెను. ఆ గూటికి ఇనుప తలుపు పెట్టరాదు. కొయ్య తలుపు పెట్టవచ్చును. కాంక్రీటు పోయుటకు ముందుదినము యజమాని స్లాబు మీదికి ఎక్కి, చువ్వల నడుమ ఆ గొట్టము రెండు కొసలు పైకి కనబడుచున్నవా, వానిలో సిమెంటు పాలు దిగకుండ గుడ్డపీలికలు కుక్కిరా అని కన్నులార చూచుకొనవలెను.